తోక కింద ఊతకర్ర

హైదరాబాద్ నుంచి పుదుచ్చేరికి 2024 డిసెంబరులో ఇండిగో మొదలుపెట్టిన సర్వీసుకి వాడేది ఏటీఆర్-72. రెండు పంకాల విమానం. తోక దగ్గరి మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. సామాను చాలామటుకు ముందువైపు, పైలట్ల గది వెనకున్న అరలోకి పోతుంది. నేలమీద ఎక్కించి దింపేటప్పుడు ఈ రకం విమానాలకు తోక కింద ఒక ఊతకర్ర పెడతారు. వెనక గుమ్మం దగ్గర జనం గుమిగూడితే ముక్కు లేచి తోక కూలబడొచ్చు మరి!

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి ఎడ్ల మెడల మీంచి లేచిపోతుంది. ముందుకు పేరిస్తే మెడలు కుంగుతాయి. బండిని మోసేది ఇరుసు, విమానాన్ని మోసేది రెక్కలు. విమానం గరిమనాభి, అంటే మొత్తం బరువు ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, రెక్కల ఎత్తుడు బలానికి కాస్త ముందుండేలా చూస్తారు. దాంతో ముక్కు వాలబోతుంది; తోక దగ్గరి చిన్న రెక్క వెనక భాగాన్ని కిందికి నొక్కి సరిచేస్తుంది.

ఆ 'కాస్త' ఎంత? నాలుగు సీట్ల సెస్నా 172ఎస్ గరిష్ఠ బరువు 1157 కిలోలు. అంత బరువుతో ఎగిరేటప్పుడు గరిమనాభి అటూ ఇటూ జరగడానికి ఉన్న చోటు 16 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. ముందు సీట్లో ఉన్న 20 కిలోల పెట్టెను వెనక సామాను అరలో పడేస్తే అది దాదాపు మీటరున్నర వెనక్కి పోతుంది. లెక్క కడితే గరిమనాభి రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. మొత్తం బరువు మాత్రం గ్రాము కూడా పెరగలేదు.

ముందు బరువెక్కువైతే తోక ఇంకా గట్టిగా కిందికి నొక్కాలి, ఆ నొక్కుడు భారమూ రెక్కలమీదే పడుతుంది. నేల వదలడానికి ఎక్కువ వేగం, ఎక్కువ రన్‌వే కావాలి. వెనక బరువైతే తోకకు పని తగ్గి విమానం కొంచెం వేగంగా పోతుంది, ఇంధనమూ కలిసొస్తుంది. ఆశపెట్టే లాభమే. కానీ విమానం నిలకడ తప్పుతుంది. వేగం పడిపోయి రెక్కలు పట్టు వదిలినప్పుడు ముక్కు దించి మళ్లీ వేగం అందుకోవడం కష్టమవుతుంది. 2001 ఆగస్టు 25న బహామాస్‌లో అమెరికన్ గాయని ఆలియా ఎక్కిన సెస్నా 402 లేచీ లేవగానే కూలింది. మొత్తం తొమ్మిది మందీ పోయారు. పరిమితికి మించి సుమారు 300 కిలోల బరువు, పైగా వెనక హద్దు దాటిన గరిమనాభి!

మొత్తం బరువూ ముఖ్యమే. పుదుచ్చేరి లాస్‌పేట రన్‌వే ఒకటిన్నర కిలోమీటర్లే. చిన్న విమానానికి పది శాతం బరువు పెరిగితే పరుగు దూరం ఇరవై శాతం పెరుగుతుందని బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ పైలట్లకు చెప్పే లెక్క. మండుటెండలో గాలి పలచబడి ఆ పరుగు ఇంకా సాగుతుంది. బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం. అందుకే సగం ఖాళీగా ఉన్న ఏటీఆర్‌లో, కిటికీ సీటు కోసం డబ్బు కట్టిన ప్రయాణికుణ్ణి కూడా ఎయిర్ హోస్టెస్ ఒక్కోసారి వేరే వరుసలోకి మారమంటుంది.