మగ్గపు ఇంటికి మనోబలము

పావగడ తాలూకా పేరు చెప్పగానే బయటివారికి మొదట శనైశ్చరస్వామి దేవాలయము, తరువాత కరువు జ్ఞాపకమునకు వచ్చును. ఇటీవల తిరుమణి ప్రాంతపు సౌరవిద్యుత్తు పార్కు కూడ వాటితో చేరినది. మన నేత సంగతి చాలమందికి తెలియదు. ఈ తాలూకాలోని వై.ఎన్. హొసకోటెలో పట్టుచీరెలు నేయు కుటుంబములు కలవు. తుమకూరు జిల్లాలో ఉన్నను మన తాలూకాకు చుట్టును దాదాపుగా ఆంధ్ర గ్రామములే. కచేరీలో కన్నడము, ఇంటిలో తెలుగు, మగ్గము వద్ద రెండును కలసిన మాట మనది.

వాన నమ్మదగని ఈ నేలపై నేత కుటుంబము కష్టకాలమును ఎట్లు దాటవలెనను విషయమును గూర్చి మా సభ్యులు తరచుగా ప్రశ్నించుచున్నారు. ముడిపట్టు ధర పెరిగినప్పుడు, తయారైన చీరె పెట్టెలోనే ఉండిపోయినప్పుడు, ఇంటి యజమాని మంచమెక్కినప్పుడు ధైర్యము ఎచ్చట నుండి వచ్చును? మేము చెప్పదలచినది ఒక్క మాట. పడుగు సిద్ధము చేయక మగ్గమెక్కినవాడు చీరె నేయలేడు. అట్లే కష్టము వచ్చిన దినమున ధైర్యము కొరకు వెదకిన దొరకదు. దాని పడుగును మామూలు దినములలోనే సాగదీసి ఉంచుకొనవలెను.

కరువులో అన్నము కొనలేనివాడు బట్ట కొనడు. అందుచేత రైతుకు తగిలిన దెబ్బ వెంటనే నేతవానికి తగులును. 1876-78 నాటి ధాత కరువును మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. 1871 జనాభా లెక్కలలో మైసూరు సంస్థానమున 50,55,412 మంది ఉండగా, 1881 నాటికి 41,86,188 మంది మాత్రమే మిగిలిరి. అంత దూరము పోనక్కరలేదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినది. పట్టునేతకు పెండ్లి ముహూర్తములే పంట కోతలు. ఆ యేడు వైశాఖ, జ్యేష్ఠముల ముహూర్తములు సందడి లేకయే గడచిపోయినవి. అంగళ్లు మూతపడినవి, మగ్గములు నిలిచినవి.

భూమి గలవానికి ఏదో ఒక ఆధారము ఉండును. సౌరవిద్యుత్తు పార్కు సుమారు 13,000 ఎకరములలో వెలసినది. దాని శక్తి 2,050 మెగావాట్లు. భూమి ఇచ్చిన రైతులకు మొదట ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయల కౌలు నిర్ణయమైనది. కాని సెంటు భూమి లేని కూలివారికి పొలము పని తగ్గినది. భూమి లేని నేత కుటుంబమునకు మగ్గమే పొలము, చేతి పనియే ఆస్తి. ఆ ఆస్తిని కాపాడునవి మూడు: దైవభక్తి, కుటుంబపు పొందిక, దినచర్య.

దైవము

మన వృత్తికి దైవముతో గల సంబంధము ఇతరులకు చెప్పి ఒప్పించవలసినది కాదు. దేవాంగులు దేవల మహర్షిని, పద్మశాలీయులు మార్కండేయుని, భావనాఋషిని స్మరింతురు. తొగటవారు నందవరము చౌడేశ్వరీ దేవిని కొలుతురు, జ్యోతి ఉత్సవము చేయుదురు. ఈ కథలన్నింటిలోను ఒక భావము కలదు. దేవతలకును మానవులకును మానము కాపాడు బట్టను ఇచ్చుటకై మన పని పుట్టినది. ఈ నమ్మకము గలవాడు ఆర్డరు ఆగినంత మాత్రమున తన్ను తాను తక్కువగా చూచుకొనడు. చీరె అమ్ముడుపోక పోవచ్చును, పని మాత్రము చిన్నది కాదు.

పావగడలో శనివారమునాడు స్వామి దర్శనమునకు వచ్చు జనమును చూడుడు. ఏలినాటి శని ఏడున్నర సంవత్సరములని మన పెద్దలు లెక్క చెప్పిరి. ఆ లెక్కలోనే ఒక ఓదార్పు ఉన్నది. ఎంత పెద్ద కష్టమునకైనను ఒక గడువు కలదనియు, గడువు తీరువరకు ఓర్చుకొనవలెననియు అది నేర్పును. గడువు గల కష్టమును మనస్సు మోయగలదు.

అయితే దేవుని పేర అప్పు చేయుట భక్తి అనిపించుకొనదు. మ్రొక్కు తీర్చుటకై నూటికి మూడు, నాలుగు వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ క్రింద రెండు సంవత్సరముల మజూరి పోగొట్టుకొనిన ఇండ్లను మేమెరుగుదుము. మగ్గము ముందు వెలిగించు దీపము, మహర్నవమినాడు నాడెకు, అచ్చుకు పెట్టు పసుపు కుంకుమలు చాలును. మసీదుకు పోవు సోదరులకైనను, చర్చికి పోవు సోదరులకైనను మా మనవి ఇదియే: ప్రార్థన ప్రతిదినము చేయుడు, ఖర్చు స్తోమతును బట్టి చేయుడు.

కుటుంబము

చీరె ఒక్కరి చేతితో తయారగునది కాదు. ఒకరు కండెలు చుట్టుదురు, ఒకరు పోగులు అతుకుదురు, ఒకరు నాడె వేయుదురు. 2019-20 నాటి నాల్గవ చేనేత గణనలో దేశమున 35.22 లక్షల చేనేత పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అయినను మన ఇండ్లలో మజూరి లెక్క పురుషుని పేరనే సాగుచున్నది. ఇల్లాలు చుట్టిన కండెలకు లెక్క ఎచ్చట? ఇంటి పుస్తకములో ఆమె పనికి కూడ ఒక వరుస వ్రాయుడు. తన పనికి విలువ ఉన్నదని తెలిసిన మనిషి కష్టకాలమున తానే ముందుకు వచ్చి ఆలోచన చెప్పును.

రెండవది, ఇంటి అప్పు ఇంటివారందరికి తెలియవలెను. ఇంటి యజమాని ఒక్కడే మోయు రహస్యపు అప్పు తెగిన పోగు వంటిది. తెగిన చోటనే ముడి వేసిన చీరె నిలుచును. చూడనట్లు నేసికొనుచు పోయిన పది అంగుళముల తరువాత గుడ్డయంతయు పాడగును. లాక్‌డౌను తరువాత మేము గమనించిన సంగతి ఒకటి చెప్పెదము. బాకీల సంగతి భార్యాభర్తలిద్దరు కూర్చుండి లెక్కించుకొనిన ఇండ్లు త్వరగా తేరుకొనినవి. దాచిన ఇండ్లలో కలతలు పెరిగినవి, కొన్నింట సారా చేరినది.

మూడవది పిల్లల సంగతి. కుమారుడు బెంగుళూరునకు పోయి వేరొక పని చేసినను దానిని ఇంటికి అవమానముగా భావింపరాదు. చదువు మాన్పించి మగ్గము ఎక్కించుటయు తగదు. బడి నుండి వచ్చిన తరువాత తాత ప్రక్కన కూర్చుండి పోగు ముడి వేయుట నేర్చుకొనిన పిల్లవాడు ఎచ్చటనున్నను ఈ పనిని మరువడు. ముసలివారికి చేతనైన పని చేతనుంచుడు. నాలుగు కండెలు చుట్టిన అవ్వకు ఆ పూట అన్నము మర్యాదతో దిగును.

ఇంత చేసినను మనస్సు కుంగిపోవు సందర్భములుండును. నిద్రపట్టక, ఎవరితోను మాటలాడక, ప్రాణము మీద విసుగు కలిగినట్లు కనిపించినవారిని ఒంటరిగా విడువరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత ఫోను సేవను ప్రారంభించినది. దాని సంఖ్య 14416. ప్రాంతీయ భాషలలో మాటలాడవచ్చును. జ్వరము వచ్చినప్పుడు డాక్టరు వద్దకు పోవుట ఎట్లు సిగ్గు కాదో, ఇదియు అట్లే సిగ్గు కాదు.

దినచర్య

శరీరము నిలిచిననే మగ్గము నిలుచును. గుంటమగ్గములో కాళ్లు వ్రేలవేసి, నడుము వంచి, కన్ను ఒకే చోట నిలిపి గంటలకొలది పనిచేయుదుము. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడచి, దూరముననున్న చెట్టు వంక కొంతసేపు చూచినచో నడుమునకు, కంటికి విశ్రాంతి కలుగును. సన్నపని పగటి వెలుతురులోనే పెట్టుకొనుడు. అమావాస్యనాడు మగ్గము దిగు ఆచారమును సోమరితనముగా భావింపకుడు. అది ఒంటికిని మగ్గమునకును పెద్దలు పెట్టిన సెలవు.

మన తాలూకాలో నీటి విషయము మరింత ముఖ్యము. ఇచ్చటి బోరు నీటిలో ఫ్లోరైడు అధికముగా ఉన్నదని బహుకాలముగా తెలిసినదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించినచో పిల్లల పండ్లపై మచ్చలు పడును. మరింత అధికమైన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్లు బిగుసుకొనును. కీళ్లు బిగిసిన నేతవాడు తొక్కుడుకర్ర తొక్కలేడు. నీరు కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరు తలచుచున్నారు. అది సరికాదు, కాచుటవలన నీరు తగ్గి ఫ్లోరైడు శాతము మరింత పెరుగును. శుద్ధజల కేంద్రము నీటినే త్రాగుటకును, వంటకును వాడవలెను.

ఇక డబ్బు సంగతి. దినమునకు 20 రూపాయల చొప్పున నెలకు 25 పనిదినములు తీసి ఉంచినచో నెలకు 500, సంవత్సరమునకు 6,000 రూపాయలగును. కర్ణాటక ప్రభుత్వము 2020లో నేకార సమ్మాన్ పథకమును సంవత్సరమునకు 2,000 రూపాయలతో ప్రారంభించి, 2022లో 5,000 రూపాయలకు పెంచినది. అనగా మన చిన్న పొదుపు ఆ సహాయముకంటె పెద్దది. సహాయమును వదలుకొనరాదు, దానిపైనే ఆధారపడరాదు. తెలంగాణములో 2017లో వచ్చిన పొదుపు పథకమున నేతవారు తమ మజూరిలో నూటికి 8 వంతులు వేయగా, ప్రభుత్వము 16 వంతులు కలిపినది. అట్టి పథకము మనకును కావలెనని గట్టిగా అడుగవలసినదే. బ్యాంకు ఖాతా గలవారు సంవత్సరమునకు 20 రూపాయల ప్రమాద బీమాను, 436 రూపాయల జీవిత బీమాను విడువరాదు. ఒక్కొక్కటి 2 లక్షల రూపాయలది. మొదటిదానికి 18 నుండి 70 ఏండ్లవారు, రెండవదానిలో చేరుటకు 18 నుండి 50 ఏండ్లవారు అర్హులు.

ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. భక్తి, పొందిక, దినచర్య ఇవి న్యాయమైన మజూరికి బదులు కావు. మరమగ్గపు గుడ్డను చేనేతయని అమ్మువారి మీద, మజూరి పెంచక చీరె ధర పెంచువారి మీద సంఘము పోరాడవలసినదే. కాని పోరాటము ఏండ్లు పట్టును. అందాక ఇంటి దీపము ఆరకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

వచ్చు అమావాస్యనాడు మగ్గము దిగిన తరువాత ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండుడు. బాకీలు ఒక కాగితముపై వ్రాయుడు. కండెలు చుట్టినవారి పేర్లు పుస్తకములోనికి ఎక్కించుడు. త్రాగు నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో విచారించుడు. ఆ పూటనే మొదటి 20 రూపాయలు డబ్బాలో వేయుడు. పాడ్యమినాడు మరల మగ్గమెక్కునప్పుడు చేయి తేలికగా ఆడునని మా నమ్మకము.