ఏ ఒడ్డున దిగాలో గాలి చెబుతుంది

మారిషస్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది హోటల్‌ను ఎంచుకుంటారు, ఒడ్డును కాదు. ఈతకొలను ఫొటో బాగుందా, గదిలోంచి సముద్రం కనిపిస్తుందా, పొద్దుటి టిఫిన్ అద్దెలో కలిసే ఉందా అని పదిసార్లు చూస్తారు. ఆ హోటల్ దీవికి ఏ వైపున ఉందో మాత్రం విమానం దిగి టాక్సీ ఎక్కాక తెలుస్తుంది. సుమారు 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నేల కదా, ఏ వైపైతే ఏమిటన్న ధీమా.

ఆ కాస్త నేల మీదే పడమటి తీరంలో ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే, తూర్పు తీరంలో 1,500 పడుతుంది. మధ్యనున్న పీఠభూమి మీద 4,000 దాకా కురుస్తుంది. ఇదంతా గాలి చేసే పని. భూమధ్యరేఖకు 20 డిగ్రీలు దక్షిణాన, నడి సముద్రంలో ఉన్న దీవి ఇది. ఆగ్నేయం నుంచి వచ్చే వ్యాపార పవనాలు అడ్డూ ఆపూ లేకుండా వేల కిలోమీటర్లు నీటి మీదే నడిచి వచ్చి, తడిని మోసుకుంటూ తూర్పు ఒడ్డును తాకుతాయి. పీఠభూమి ఎక్కుతూ చల్లబడి ఆ తడిని వానగా దింపేస్తాయి. పడమటి వైపు దిగేసరికి వాటి దగ్గర ఇంకేమీ మిగలదు. అందుకే తూర్పున చినుకు పడుతున్న రోజునే, కొండల మరుగున ఉన్న ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఇసుక కాళ్లు కాలుస్తూ ఉంటుంది.

అక్కడి రుతువులు మనకు తలకిందులు. మనం మామిడిపళ్లు తినే మే నెల వాళ్లకు చలికాలపు మొదలు. చలి అంటే స్వెట్టర్ల చలి కాదు, సగటున 20 డిగ్రీల హాయి. గాలికి అసలు బలం వచ్చేది జూన్ నుంచి ఆగస్టు దాకా. అప్పుడు తూర్పున బెల్ మార్‌లో గది తీసుకున్నవాళ్లకు రాత్రంతా కొబ్బరిమట్టల చప్పుడే జోలపాట. పగలు ఒడ్డున పరిచిన తువ్వాలు ఎగిరిపోకుండా నాలుగు మూలలా చెప్పులు పెట్టుకోవాలి. అదే తూర్పు జనవరిలో వరం. దీవి మొత్తం ఉక్కపోస్తుంటే కాస్త గాలి ఆడేది అక్కడే. కాకపోతే జనవరి నుంచి మార్చి దాకా తుపానుల భయం ఉంటుంది. సంక్రాంతి సెలవులకు టికెట్లు తీసుకునేవాళ్లు అది తెలిసే తీసుకోవాలి. అన్నిటికన్నా పొడిగా ఉండే నెల అక్టోబరు. దసరా సెలవులు ఆ నెలలో పడిన ఏడాది అదృష్టం మనది.

గాలి తరువాత అడగవలసింది పగడాన్ని. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతం నీటిపైకి తేలి దీవి అయింది. ఆ నల్లరాతి చుట్టూ పగడపు పురుగులు తరతరాలుగా సున్నం పేర్చి, పళ్లెం అంచులా ఒక గోడ లేపాయి. దాదాపు 150 కిలోమీటర్ల గోడ. మహాసముద్రం కోపమంతా దాని మీదే తీర్చుకుంటుంది. ఒడ్డున నిలబడి చూస్తే దూరంగా ఒక తెల్లటి గీత, ఆ గీత దగ్గర గర్జన. దానికి ఇవతల, మన కాళ్ల దగ్గర, నడుము లోతు నీలిరంగు నీళ్లు నిద్రపోతున్నట్టు ఉంటాయి. ఇదే లాగూన్. ఆటుపోట్ల తేడా అర మీటరుకు మించి పెద్దగా ఉండదు. విశాఖలోనో బాపట్లలోనో అలకు భయపడి చీలమండల దాకా మాత్రమే దిగిన మనవాళ్లకు, చప్పుడు చేయని సముద్రంలో మెడలోతు కూర్చోవడం కొత్త అనుభవం.

ఆ తెల్లటి ఇసుక కూడా పగడం పెట్టిన భిక్షే. అలలు అరగదీసిన పగడం, గవ్వల పొడి, దానికి తోడు చిలకచేపల కష్టం. ఈ చేపలు గట్టి పళ్లతో పగడాన్ని గీరి, దాని మీది నాచును జీర్ణం చేసుకుని, రాతిని మెత్తటి ఇసుకగా వదిలేస్తాయి. హనీమూన్ ఫొటోల కింద మెరిసే ఇసుకలో కొంత భాగం చేప పేడ అని గైడు ఎవరూ చెప్పరు. ఒకప్పుడు ఈ లాగూన్ల నుంచే ఇసుక తోడి ఇళ్లు కట్టుకునేవారు. తీరాలు కోసుకుపోతున్నాయని 2001లో ఆ తవ్వకాన్ని నిషేధించారు.

పగడపు గోడ విలువ తెలియాలంటే అది లేని చోటికి వెళ్లాలి. నది వచ్చి కలిసే చోట మంచినీళ్లు, బురద పడి పగడం పెరగదు, గోడకు గండి పడుతుంది. దక్షిణాన సుయాక్ ఊరి అంచున ఉన్న గ్రి గ్రి దగ్గర ఆ గోడ పూర్తిగా తెగిపోయింది. బూడిద రంగు ఆకాశం, నల్లటి కొండ అంచు, దాని మొహాన పగిలే అలలు. పక్కవాళ్ల మాట చెవిన పడదు. కొంచెం పక్కనే ‘ఏడ్చే రాయి’ ఉంది. పెద్ద అల వచ్చి వెనక్కి తగ్గినప్పుడల్లా దాని ముఖం మీదుగా నీళ్లు ధారలు కడతాయి. ఈతకు ఇక్కడ దిగకూడదు. నిజానికి బస చేయడానికీ పెద్దగా పనికిరాదు. అయినా పొద్దున లాగూన్‌లో మునిగి, సాయంత్రం ఇక్కడ నిలబడినవాళ్లకు అర్థమయ్యేది మరే రిసార్ట్‌లోనూ అర్థం కాదు. ఇది అదే సముద్రం. మధ్యలో ఉన్నదల్లా వేలెడు కూడా లేని పురుగులు కట్టిన గోడ.

నైరుతి మూలకు వస్తే లె మోర్న్ కొండ. 556 మీటర్ల నిట్టనిలువు నల్లరాయి. ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో దాని పాదాల దగ్గర సముద్రం లోపలే ఒక జలపాతం అగాధంలోకి దూకుతున్నట్టు కనిపిస్తుంది. దూకేది నీళ్లు కావు. లాగూన్ ఇసుక, ఒండ్రు ప్రవాహానికి కొట్టుకుపోయి నీటి అడుగునున్న అంచు మీదుగా లోతుకు జారుతాయి. లేతనీలం నుంచి ముదురునీలానికి మారే ఆ వాలు మీద తెల్లటి చారలు పడి కన్ను మోసపోతుంది. హెలికాప్టర్ ఎక్కితేనే ఈ మోసం. ఒడ్డున నిలబడి ఎంత వెతికినా మామూలు నీళ్లే. వెతికేవాళ్లు మాత్రం రోజూ వస్తూనే ఉంటారు.

ఆ కొండకు మరో బరువు ఉంది. పారిపోయిన బానిసలు దాని గుహల్లో తలదాచుకున్నారు. అందుకే 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో వాళ్ల చోటికి ఒప్పంద కూలీలుగా వచ్చినవాళ్లలో కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన మన గోదావరి, ఉత్తరాంధ్ర జనమూ ఉన్నారు. వాళ్ల సంతతి వల్లే అక్కడ ఉగాది జాతీయ సెలవుదినం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. లె మోర్న్ దగ్గర గాలి కొండను చుట్టుకుని జోరందుకుంటుంది, కాబట్టి చలికాలంలో ఆ తీరం గాలిపటాలు పట్టుకుని అలల మీద పరుగెత్తే కైట్ సర్ఫర్లది. చిన్నపిల్లలతో వెళ్లినవాళ్లు ఇంకాస్త ఉత్తరానికి జరగడం మంచిది.

ఆ దారిలోనే తమరిన్ అఖాతం. రాత్రంతా లోతు నీళ్లలో వేటాడిన స్పిన్నర్ డాల్ఫిన్లు పొద్దున్నే విశ్రాంతికి ఇక్కడికి వస్తాయి. అవి పడుకునే వేళకే పడవలు వాటిని చుట్టుముట్టడం నాకు నచ్చదు. చూడాలనుకుంటే దూరంగా ఇంజను ఆపే పడవవాణ్ణి వెతుక్కోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా దక్షిణ ధ్రువపు చల్లటి నీళ్ల నుంచి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లలను కనడానికి ఇటువైపు వస్తాయి. సూర్యాస్తమయం ఇష్టమైనవాళ్లకు పడమటి ఒడ్డును మించింది లేదు.

ఉత్తరం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్రాండ్ బేలో దుకాణాలు, భోజనాలు, రాత్రి సందడి. మోన్ షువాజీలో మన తీరాల్లోలాగే సరుగుడు చెట్ల నీడ. మొదటిసారి వెళ్లే కుటుంబాలకు అది సుఖం, అంతే.

నా ఓటు ఆగ్నేయ మూలకు. గాలి ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ విమానాశ్రయం పక్కనే ఉన్న బ్లూ బే సాగర ఉద్యానం 353 హెక్టార్ల పగడపు తోట, 2008 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల. అద్దం అడుగున్న పడవలో కూర్చుంటే ఈత రాని అమ్మమ్మ కూడా దాన్ని చూడగలదు. కొద్ది దూరంలో ఇల్ ఓ ఎగ్రెత్ అనే 26 హెక్టార్ల పగడపు దీవి. 1990ల మొదట్లో పదికి అటూఇటుగా మిగిలిన గులాబీ పావురాలు ఇప్పుడు అక్కడ నల్లతుమికి చెట్ల మీద కూర్చుని ఉంటాయి. వాటి దూరపు చుట్టం డోడో 17వ శతాబ్దంలోనే అంతరించింది. దాని ఎముకల గుట్ట 1865లో బయటపడిన మార్ ఓ సోంజ్ చిత్తడి కూడా ఈ చుట్టుపక్కలే ఉంది.

2020 జూలై 25న వకాషియో అనే ఓడ ఎక్కిన పగడపు దిబ్బ కూడా ఈ తీరానిదే. కొద్ది రోజులకు దాని నుంచి సుమారు 1,000 టన్నుల నూనె లాగూన్‌లోకి కారింది. ప్రభుత్వం కదిలేలోపే చుట్టుపక్కల జనం చెరకు ఆకును గుడ్డసంచుల్లో కూరి, తేలే కట్టలు కుట్టి నీళ్లలో పరిచారు.

మారిషస్‌లో తీరాలు ప్రజలవి. పోటు నీరు తాకే గీతకు దిగువన ఎంత ఖరీదైన రిసార్ట్ ముందైనా ఎవరైనా నడవొచ్చు. అందుచేత హోటల్ ఒకచోట తీసుకున్నా ఒడ్డు ఒక్కటే అని కట్టుబడి ఉండాల్సిన పనిలేదు. మే నెలలో వెళితే బ్లూ బేలో దిగడం, సోమవారం మాయెబూర్ సంత చూడటం, గాలి లేచిన రోజున పడమటికి బస్సెక్కడం నా లెక్క. జూలై, ఆగస్టుల్లో తప్పనిసరైతే మొదటి నుంచీ పడమటే. ఎటు దిగినా రబ్బరు బూట్లు వేసుకునే నీళ్లలోకి నడవాలి. లాగూన్ అడుగున రాయిలా కదలకుండా పడుకునే రాతిచేప ముల్లు గుచ్చుకుంటే ఆ సెలవులు ఆస్పత్రిలోనే.