ఆరుబయటి దీపాలకు రేడియో రిమోట్: రిలే పనితీరు, భద్రత

వైనతేయ గోదావరి తీరాన కొబ్బరితోటల నడుమ ఉన్న అప్పనపల్లి వంటి గ్రామాల్లో, వానాకాలంలో తడి చేతితో ఆరుబయటి స్విచ్‌ను తాకడం ప్రమాదకరం. రేడియో రిమోట్ ఆ అవసరాన్ని తొలగిస్తుంది. రిమోట్ పంపిన సంకేతాన్ని రిసీవర్ గుర్తించి, రిలేలోని తీగచుట్టకు 12 వోల్టుల వంటి స్వల్ప వోల్టేజీని అందిస్తుంది. తీగచుట్ట విద్యుదయస్కాంతమై, 230 వోల్టుల వలయంలోని కాంటాక్టులను కలుపుతుంది. చేతిలోని రిమోట్‌కు ఆ వలయంతో తీగ సంబంధమే ఉండదు.

అయితే రిలేను ఫేజ్ తీగలోనే అమర్చాలి. న్యూట్రల్‌లో అమర్చితే దీపం ఆరినా హోల్డరులో విద్యుత్తు నిలిచే ఉంటుంది. పైగా మరమ్మతు వేళ మరొకరు మీట నొక్కితే విద్యుత్ ప్రవాహం పునఃప్రారంభమవుతుంది. కనుక రిమోట్‌తో దీపాన్ని ఆర్పడం విద్యుత్ సరఫరాను వేరుచేయడంతో సమానం కాదు. మరమ్మతుకు ముందు మెయిన్ స్విచ్‌ను ఆపడం తప్పనిసరి.