యూనిట్ - 7: ఔషధ పరిశోధనలో, క్లినికల్ ట్రయల్స్‌లో కృత్రిమ మేధ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
- మందు తయారీలో కృత్రిమ మేధ ఎక్కడ ఉపయోగపడుతుందో వివరించగలుగుతారు.
- ట్రయల్‌కు రోగుల ఎంపికలో దానివల్ల కలిగే మేలు, కీడులను ఉదాహరణతో విశ్లేషించగలుగుతారు.
- ట్రయల్‌లో పాల్గొనేవారికి చట్టం ఇచ్చే రక్షణలను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

ఒక కొత్త మందు ప్రయోగశాల నుంచి మందుల షాపుకు చేరడానికి సాధారణంగా 10 నుంచి 15 సంవత్సరాలు పడుతుంది. మనుషులపై పరీక్షల దాకా వచ్చిన ప్రతి 10 మందులలో సుమారు 9 మధ్యలోనే విఫలమవుతాయి. ఈ కాలాన్ని, నష్టాన్ని తగ్గించడానికి కృత్రిమ మేధను వాడుతున్నారు. పాత సమాచారంలోని పోలికలను నేర్చుకొని, కొత్త సందర్భంలో అంచనా చెప్పే కంప్యూటర్ పద్ధతినే ఇక్కడ కృత్రిమ మేధ అంటున్నాం. అది నేర్చుకొన్న సమాచారం ఎలాంటిదో, చెప్పే అంచనా కూడా అలాంటిదే. ఈ మాటను గుర్తుంచుకొని ముందుకు చదవండి.

7.2 అణువుల అన్వేషణ

రోగానికి కారణమైన ప్రోటీన్‌ను తాళం అనుకుంటే, మందు అణువు దానికి సరిపోయే తాళంచెవి. తాళం ఆకారం తెలిస్తే చెవి వెతకడం సులువు. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ రూపకర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని డేవిడ్ బేకర్‌తో పంచుకొన్నారు.

2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు సుమారు 2,300 అణువుల సమాచారంతో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. ఆ అణువులు బాక్టీరియా పెరుగుదలను ఆపుతాయా లేదా అన్నదే ఆ సమాచారం. ఆ తరవాత అది, మధుమేహం కోసం ఒకప్పుడు పరిశీలించిన ఒక అణువును యాంటీబయాటిక్‌గా గుర్తించింది. దానికి హాలిసిన్ అని పేరు పెట్టారు. ఎలుకలపై అది పనిచేసింది. అయితే అణువును గుర్తించడం వేరు, అది మనిషికి మందు కావడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్నదే క్లినికల్ ట్రయల్.

7.3 ట్రయల్‌లో ఎవరు ఉండాలి?

మొదటి దశలో కొద్దిమందిపై మందు భద్రతను, రెండవ దశలో కొన్ని పదుల నుంచి వందలమంది రోగులపై ప్రభావాన్ని, మూడవ దశలో ఇంకా ఎక్కువమందిపై ఆ రెండింటినీ పరీక్షిస్తారు. తగిన రోగులు దొరకకపోవడం, చేరినవారు మధ్యలో మానేయడం ట్రయల్స్‌కు పెద్ద ఆటంకాలు. ఆసుపత్రి రికార్డులను చదివి తగిన రోగులను వెతకడం, మానేసే అవకాశం ఉన్నవారిని ముందే గుర్తించడం కృత్రిమ మేధ చేయగల పనులు.

7.4 అనంతపురం ఉదాహరణ

అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పంట ఎండిన ఏడాది చాలా కుటుంబాలు బెంగళూరుకు వలస వెళ్తాయి. ఇక్కడ విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ సంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. అక్కడి వైద్యులు హెచ్.ఐ.వి. రోగుల సమాచారాన్ని ఏళ్ల తరబడి సేకరించి, ఎవరు చికిత్స ఆలస్యంగా మొదలుపెడుతున్నారు, ఎవరు మధ్యలో రావడం మానేస్తున్నారు అన్నది గణాంక పద్ధతులతో అధ్యయనం చేశారు. మన ప్రాంతపు రోగుల గురించిన ఇలాంటి సమాచారమే రేపటి కంప్యూటర్ అంచనాలకు ఆధారం కాగలదు.

ఇప్పుడు ఇలా ఊహించండి. కుందుర్పి నుంచి వలస వెళ్లే కూలీ ఒకరు ఒక ట్రయల్‌కు అర్హులు. "ఈ రోగి మధ్యలో మానేయవచ్చు" అని కంప్యూటర్ చెప్పింది. అంచనా సరైనదే కావచ్చు. దానితో రెండు పనులు చేయవచ్చు. మొదటిది, ఆ రోగిని పక్కన పెట్టడం. రెండవది, బస్సు ఛార్జీలు ఇచ్చి, బెంగళూరులోనే పరీక్షలు జరిగేలా ఏర్పాటు చేయడం. మొదటి దారిలో ట్రయల్ త్వరగా ముగుస్తుంది. కానీ ఎండలో పనిచేసే, రక్తహీనత ఉన్న శరీరంపై ఆ మందు ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. రేపు ఆ మందును వాడవలసినవారిలో అలాంటివారూ ఉంటారు. ఏ దారి ఎంచుకోవాలన్నది కంప్యూటర్ కాదు, మనుషులే నిర్ణయించాలి.

7.5 సమ్మతి, రక్షణలు

2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాను వేలమంది బాలికలకు వేశారు. కొన్ని మరణాల తరవాత 2010లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయితే చాలామంది బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు బయటపడింది. వేగం కోసం సమ్మతిని దాటవేస్తే ఏమవుతుందో ఈ సంఘటన చెబుతుంది.

2019 నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం:
- సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారి విషయంలో నిష్పాక్షిక సాక్షి ఉండాలి.
- ట్రయల్‌ను నైతికతా కమిటీ ఆమోదించాలి. అందులో కనీసం 7గురు సభ్యులు ఉండాలి. వారిలో ఒక మహిళ, ఒక సామాన్య పౌరుడు, ఒక న్యాయ నిపుణుడు తప్పనిసరి.
- ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందాలి.

వైద్యరంగంలో కృత్రిమ మేధ వాడకంపై భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకాలు వెలువరించింది. మానవ పర్యవేక్షణ, జవాబుదారీతనం వాటిలోని ముఖ్యాంశాలు.

7.6 సారాంశం

కృత్రిమ మేధ అణువుల అన్వేషణను, రోగుల ఎంపికను వేగవంతం చేస్తుంది. కానీ అది ట్రయల్‌కు ప్రత్యామ్నాయం కాదు. సమాచారంలో లేనివారు ఫలితాలలోనూ ఉండరు. అంచనా యంత్రానిది, బాధ్యత మనిషిది.

7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. హాలిసిన్‌ను గుర్తించడంలో కంప్యూటర్ పాత్రను వివరించండి.
2. ఖమ్మం సంఘటన ఆధారంగా సమ్మతి ప్రాముఖ్యాన్ని చర్చించండి.
3. మీ మండలంలో ఒక ట్రయల్ జరిగితే ఎవరు దానికి దూరమయ్యే అవకాశం ఉంది? వారిని చేర్చుకోవడానికి రెండు ఏర్పాట్లు సూచించండి.