‘అన్నీ పదిలం’ అని చెప్పిన పాస్

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టేసరికి సాయంత్రం ఆరు దాటింది. "సార్, నా పాస్ విడిగా నడిపితే బాగానే ఉంది. కంపైలర్ ఓ2 ఆప్టిమైజేషన్ వరుసలో కలిపితే క్రాష్ అవుతోంది. అదీ నా పాస్‌లో కాదు, దాని తర్వాత వచ్చే లూప్ పాస్‌లో" అంది. కంపైలర్ చూస్తే ఎల్‌ఎల్‌విఎమ్ 3.8. 2016 మార్చిలో విడుదలైంది. ఆమె పనిచేస్తున్న చిప్‌కు కావలసిన భాగం ఆ వెర్షన్‌తోనే ఆగిపోయింది కాబట్టి కొత్తదానికి మారే వీల్లేదు.

పాస్ అంటే కంపైలర్ ప్రోగ్రామ్‌ను ఒకసారి చూసి దిద్దే దశ. ఆ మాటకు కంపైలర్లకున్నంత వయసుంది. 1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన ఫోర్‌ట్రాన్ కంపైలర్‌లో ఆరు విభాగాలు ఉండేవి. ఒకటి తన పని ముగించి పక్కదానికి అప్పగించేది. నాకు అంతకంటే ఇష్టమైనది ఐబీఎం 1401 కథ. దాని ఫోర్‌ట్రాన్ కంపైలర్ 8,000 అక్షరాల మెమరీలో పనిచేయాలి. కంపైలర్ మొత్తం అందులో పట్టదు. అందుకని రాసినవాళ్లు పద్ధతినే తిరగేశారు. ప్రోగ్రాం మెమరీలో కదలకుండా కూర్చుంటుంది, కంపైలరే 63 ముక్కలై ఒక్కొక్కటిగా లోపలికొచ్చి, తన వంతు కాస్త దిద్ది వెళ్లిపోతుంది. మెమరీ కొరత పోయి ఎన్నో దశాబ్దాలైంది. అయినా ఒక్కొక్కరు వచ్చి కొంచెం దిద్ది పక్కకు తప్పుకోవడం అనే పద్ధతి పోలేదు. పెద్ద పనిని మనిషి బుర్రకు పట్టేలా చేసేది అదే మరి.

2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, అర్బానా-షాంపేన్‌లో విక్రమ్ అద్వే, ఆయన విద్యార్థి క్రిస్ లాట్నర్ ఎల్‌ఎల్‌విఎమ్ మొదలుపెట్టారు. 2003 అక్టోబరులో తొలి విడుదల. అంతకుముందు చాలా కంపైలర్లలో కొత్త దశ చేర్చాలంటే దాని కడుపులో చెయ్యి పెట్టాల్సిందే. ఇక్కడ ఎవరైనా తమ పాస్‌ను వేరే ఫైల్లో రాసుకుని, లైబ్రరీగా కట్టి, ఆప్ట్ అనే పనిముట్టుకు తగిలించవచ్చు. విద్యార్థులకు ఇంత ఉదారంగా తలుపు తీసిన కంపైలర్ నాకు ఇంకోటి తెలియదు. అయితే తలుపు గడియ ఆరు నెలలకోసారి మారుతుంది. లోపలి సీ ప్లస్ ప్లస్ పిలుపులు వెర్షన్ వెర్షన్‌కూ అలాగే ఉంటాయన్న హామీని ఎల్‌ఎల్‌విఎమ్ ఎన్నడూ ఇవ్వలేదు. అందుకే ఎన్నో పరిశోధనా పనిముట్లు తాము పుట్టిన వెర్షన్ దగ్గరే నిలిచిపోతాయి. 2008లో వెలువడిన క్లీ అంత పేరున్న పనిముట్టు కూడా చాలా ఏళ్లు 2.9, 3.4 వెర్షన్లను పట్టుకుని ఉండిపోయింది.

ముందు, ఆమె పాస్‌ను ఏ వెర్షన్ హెడర్లతో కట్టిందో, ఏ ఆప్ట్‌కు తగిలించిందో చూశాను. ఒకే యంత్రంలో రెండు ఎల్‌ఎల్‌విఎమ్‌లు ఉండి, ఒకదానితో కట్టి ఇంకోదానికి తగిలిస్తే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని వచ్చి లోడే కాదు. లోడయినా లోపలి వస్తువుల కొలతలు కలవక ఎక్కడో పడుతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు.

పాస్ చేసే పని చిన్నదే. ప్రతి భాగహారానికి ముందు, భాజకం సున్నానా అని అడిగే పరీక్ష పెడుతుంది. అందుకోసం ఉన్న బ్లాక్‌ను రెండుగా చీల్చి, మధ్యలో ఒక కొత్త దారి వేస్తుంది. ప్రతి పాస్ తర్వాతా ప్రోగ్రామ్‌ను సరిచూసే వెరిఫై-ఈచ్ పెట్టి నడిపాం. ఒక్క ఫిర్యాదూ రాలేదు. "చూశారా సార్, నా పాస్ తప్పు లేదు" అంది. ఆమె మాట నిజమే, ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. చెడింది ప్రోగ్రాం గురించి కంపైలర్ పక్కన రాసుకున్న లెక్క.

ఆ లెక్క పేరు డామినేటర్ ట్రీ. ఒక ఇంటికి ఏ వీధిన వెళ్లినా రావిచెట్టు దాటక తప్పదనుకోండి, ఆ ఇంటి మీద రావిచెట్టుకు పెత్తనం ఉన్నట్టు. ప్రోగ్రాంలో ఏ బ్లాక్ మీద ఏ బ్లాక్‌కు ఇలాంటి పెత్తనం ఉందో ఈ చెట్టు చెబుతుంది. లూప్‌లోంచి ఒక లెక్కను బయటికి జరపాలంటే లూప్ పాస్ దీన్నే నమ్ముతుంది. ప్రతిసారీ కొత్తగా కట్టడం దండగ కనుక, మధ్యలో వచ్చిన పాస్ "నేను దీన్ని చెడగొట్టలేదు" అంటే పాత చెట్టునే వాడుకుంటారు.

"నీ పాస్ ఏమని మాటిచ్చిందో చూద్దామమ్మా" అన్నాను. ఫైల్ కిందికి జరిపితే, గెట్‌ఎనాలిసిస్‌యూసేజ్ అనే చోట ఒకే ఒక్క వాక్యం: సెట్‌ప్రిజర్వ్స్‌ఆల్. అంటే అన్నీ పదిలం. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. ఎల్‌ఎల్‌విఎమ్ సోర్సుతో పాటు వచ్చే హలో అనే నమూనా ఫైల్లో, హలో2 పాస్‌లో అదే ఉంటుంది. అక్కడ ఆ మాట సత్యం, ఎందుకంటే ఆ పాస్ ఫంక్షన్ల పేర్లు అచ్చేయడం తప్ప దేన్నీ ముట్టుకోదు. ఆమె ఆ ఫైల్ కాపీ చేసి, లోపలి పని మార్చింది. మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

విడిగా నడిపినప్పుడు ఎందుకు పడలేదంటే, అప్పుడు చెట్టు అడిగేవాళ్లే లేరు. ఓ2 వరుసలో అంతకుముందే కట్టిన చెట్టు ఉంది. లూప్ పాస్ వచ్చి కొత్త బ్లాక్ గురించి అడిగితే ఆ చెట్టులో దాని పేరే లేదు. ఖాళీ జవాబును పట్టుకుని కాలు ముందుకేస్తే పడిపోక ఏమవుతుంది!

అనుమానం తీరాలంటే రుజువు కావాలి. చెట్టును సరిచూసే వెరిఫై-డామ్-ఇన్ఫో అనే మీట 3.8లో ఉంది. కానీ అసర్షన్లు (కంపైలర్ తనను తాను సరిచూసుకునే లోపలి పరీక్షలు) తీసేసి కట్టిన కంపైలర్‌లో, పాస్ తన మాట నిలబెట్టుకుందా అని చూసే ఆ తనిఖీ అసలు జరగదు. ఆమె వాడుతున్నది అలాంటిదే. రాత్రంతా యంత్రాన్ని వదిలేసి అసర్షన్లతో మళ్లీ కట్టించాం. పొద్దున్న ఆ మీట వేసి నడిపితే, ఈసారి లూప్ పాస్ దాకా వెళ్లనే లేదు. ఆమె పాస్ ముగిసిన మరుక్షణం, డామినేటర్ ట్రీ తాజాగా లేదని చెప్పి, కొత్తగా లెక్కగట్టిన చెట్టునూ దాచి ఉంచిన చెట్టునూ ఒకదాని కింద ఒకటి అచ్చేసి ఆగిపోయింది. రెంటినీ వేలితో పోల్చి, లేని బ్లాక్‌ను ఆమే చూపించింది.

సెట్‌ప్రిజర్వ్స్‌ఆల్ తీసేసి, పాస్‌ల వరుసను అచ్చేసే డీబగ్-పాస్ స్ట్రక్చర్ మీట వేశాం. నిన్న ఆమె పాస్ కింద లేని ‘డామినేటర్ ట్రీ కన్‌స్ట్రక్షన్’ అనే వరుస ఇప్పుడు వచ్చి చేరింది. ఓ2 చివరిదాకా నడిచింది.

2021లో వెర్షన్ 13 నుంచి ఎల్‌ఎల్‌విఎమ్‌లో కొత్త పాస్ మేనేజర్ ముందు వరుసలోకి వచ్చింది. అందులో ఏది పదిలంగా ఉందో పాస్ పని ముగించాక, అక్కడికక్కడే జవాబుగా తిరిగి ఇవ్వాలి. ఈ మార్పు నాకు ఎంతో నచ్చుతుంది. పనికి ముందే ఇచ్చే మాట కంటే పని చేసిన చేయి ఇచ్చే జవాబులో నిజం ఎక్కువ. ఆమెకు మాత్రం 3.8తోనే ఇంకో ఏడాది గడవాలి.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "చీల్చినప్పుడల్లా చెట్టు మొత్తం మళ్లీ కట్టించడం ఎందుకు సార్? బ్లాక్‌ను చీల్చే ఫంక్షన్‌కే చెట్టు కూడా అందిస్తే అదే దిద్దుకుంటుంది కదా, హెడర్‌లో ఆ జాగా ఉంది" అంది. తెరిచి చూశాం. ఉంది.