మనసుకు జబ్బు చేస్తే బండి నడపవచ్చా?

మొన్న జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు: "మౌల్వీసాబ్, మా వాడు లారీ నడుపుతాడు. డాక్టరు మతికి సంబంధించిన మాత్రలు రాశాడు. లైసెన్సు పోతుందంటారా?" జబ్బు నయమవుతుందా అని ఆయన అడగలేదు. ఆ ఇంట్లో ఏడుగురు ఆ స్టీరింగు మీదనే బతుకుతున్నారు మరి.

ఈ భయమే మన ఇళ్లలో జబ్బును దాచిపెట్టిస్తోంది. మొదట గాలి సోకిందంటారు, తరువాత ఆమిల్ సాబ్ తావీజు, ఆ పైన దర్గా. డాక్టరు గడప తొక్కేసరికి ఆరునెలలు గడుస్తాయి. ఆ ఆరునెలలూ మనిషి బండి నడుపుతూనే ఉంటాడు.

చట్టం ఏమంటోంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 186వ సెక్షను ప్రకారం, తన జబ్బు వల్ల ఇతరులకు ప్రమాదమని తెలిసీ బండి నడపడం నేరం. 2019 సవరణతో మొదటి తప్పుకు జరిమానా వెయ్యి రూపాయల వరకు, మళ్లీ చేస్తే 2 వేల వరకు పెరిగింది. జబ్బు రావడం నేరం కాదు, గమనించాలి. లైసెన్సుకు ఇచ్చే ఫారం-1లో మూర్ఛ గురించి, చూపు గురించి, రంగుల గురించి అడుగుతారు. మనోవ్యాధిని పేరుపెట్టి అడగరు. ప్రజలకు ప్రమాదం కలిగించే జబ్బు ఇంకేదైనా ఉందా అన్న ప్రశ్నలోనే అదీ వస్తుంది. జవాబు మన అంతరాత్మకే వదిలేశారు.

అన్ని మనోవ్యాధులూ ఒక్కటి కావు. కుంగుబాటులో కళ్లు రోడ్డు మీదనే ఉంటాయి, ధ్యాస ఉండదు. బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా పోతుంది. మతి చెదిరినవాడికి వెనుక వచ్చే కారు తనను వెంటాడుతున్నట్టు తోస్తుంది. మా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఉన్మాదపు ఉద్రేకం. రెండు రాత్రులు నిద్ర లేకపోయినా "నాకేం, నేను బ్రహ్మాండంగా ఉన్నాను" అంటాడు. తనకు జబ్బుందనే అతనికి తెలియదు. ఇంటివాళ్లే తాళంచెవి తీసుకోవాలి.

ఇక మాత్రలు. డయాజిపామ్, అల్‌ప్రజోలామ్ వంటివి మగత తెస్తాయి. కొత్తగా మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు మరీ జాగ్రత్త అవసరం. అయితే మగత వస్తోందని రాత్రి డ్యూటీకి ముందు మాత్ర మానేసేవారున్నారు. ఇది ఇంకా చెడ్డది. హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, అదీ నడిరోడ్డు మీద.

బ్రిటన్‌లో మతి చెదిరే జబ్బు తీవ్రంగా వచ్చినవారు నిలకడగా కోలుకుని కనీసం 3 నెలలైతేనే మళ్లీ కారు నడపాలి. లారీ, బస్సు అయితే 12 నెలలు. అంటే గడువే గాని శాశ్వత నిషేధం కాదు.

పెద్దాయనకు మేము చెప్పింది ఒక్కటే: అబ్బాయి వృత్తి డ్రైవింగు అని డాక్టరుతో చెప్పారా? చెప్పలేదట! మరుసటి వారం వెళ్లి చెప్పారు. డాక్టరు మాత్ర మార్చి, కొన్నాళ్లు బండి ఎక్కవద్దన్నారు. ఇప్పుడు ఆ అబ్బాయి మేనమామ టైర్ల షాపులో కూర్చుంటున్నాడు. ఓనరుకు మాత్రం కామెర్లని చెప్పారట.