అటక మీది యుద్ధ పాటల రికార్డు: ధర ఎలా కట్టాలి?

పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేటప్పుడు అటక మీది సామాను అంతా ఒకేసారి కిందికి దిగుతుంది. మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల వైపు అయినా, హైదరాబాద్ పాతబస్తీలో అయినా అలా దిగిన రేకు పెట్టెలో దాదా గారి గ్రామఫోన్ రికార్డులు నాలుగైదు ఉండొచ్చు. గల్ఫ్ నుంచి టేప్ రికార్డర్లు వచ్చాక వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. వాటిలో 1962, 1965 యుద్ధాల నాటి పాటలు కనిపిస్తే ఇంట్లో ఒకరు "లక్షలు వస్తాయట" అంటారు, ఇంకొకరు కబాడీవాలాను పిలుస్తారు. రెండూ తొందరపాటే.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో చూడండి. అందరూ వినైల్ అనేస్తారు గానీ 1960ల మొదట్లో లక్కతో చేసిన 78 స్పీడు రికార్డులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అవి బరువుగా ఉంటాయి, సాధారణంగా పది అంగుళాలు, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. చేయి జారితే గాజులా పగులుతాయి. వినైల్ కొంచెం వంగుతుంది (వంచి చూడమని కాదు!). ఏడు అంగుళాలుండి 45 అని రాసి ఉంటే చిన్న రికార్డు, పన్నెండు అంగుళాలుండి 33 అని ఉంటే ఎల్పీ.

చాలామంది పొరపడేది ఇక్కడే: పాట ఎంత గొప్పదైతే రికార్డు ధర అంత ఎక్కువ అనుకుంటారు. 1963 జనవరి 27న ఢిల్లీలో నెహ్రూ ముందు లతా మంగేష్కర్ పాడిన 'అయ్ మేరే వతన్ కే లోగో' తెలియనివారు ఉండరు. 1964లో వచ్చిన 'హకీకత్' సినిమాకు కైఫీ ఆజ్మీ రాసి, రఫీ సాబ్ పాడిన పాట సంగతీ అంతే. అందుకే అవి మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. ఊరూరా ఉన్న రికార్డుకు ధర పెద్దగా రాదు. మొదటి అచ్చు అయితే లెక్క వేరు. లేబుల్ మీది నంబరు, గీతలు అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కిన నంబరు, ఈ రెండూ రాసుకోండి. లేబుల్ మీద సంవత్సరం ఉన్నా అది పాట మొదట విడుదలైనది కావచ్చు, మీ రికార్డు అచ్చయినది కాకపోవచ్చు.

తర్వాత అసలు పరీక్ష, రికార్డు పరిస్థితి. కిటికీ దగ్గర వాలుగా పట్టి చూడండి. వేలి గోరుకు తగిలే గీత ఉంటే ధర బాగా పడిపోతుంది. వంకర తిరిగినా అంతే. మన జగిత్యాల ఎండలకు రేకుల ఇంటి అటక మీద వినైల్ వంకర పోకుండా ఉండడం అదృష్టమే. అసలు కవరు ఉంటే పారేయకండి, కొనేవాడు దానికీ డబ్బిస్తాడు.

ధర కోసం డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో నంబరుతో వెతకండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాదు, ఇంతకుముందు నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడాలి. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో చూపించినా సరే, అక్కడ చెప్పేది కొనేవాడి ధర, అతని లాభం పోను. విరాసత్ పంచుకునే ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి. ఒక్కరు తెగ్గొట్టి అమ్మేసే ముందు ఇద్దరు ముగ్గురి దగ్గర అడిగి, అక్కాచెల్లెళ్లకు కూడా ఆ ధర చెప్పాలి.

ధర తక్కువైనా అమ్మొద్దని నేననేది ఒకటుంది: 1960 నాటి 'ఉస్‌నే కహా థా' పాటల రికార్డు. అందులో మన్నాడే పాడిన సిపాయి పాట మన మఖ్దూమ్ మొహియుద్దీన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసిన కవిత. అప్పటి మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టిన మనిషి కలం అది. యుద్ధ పాటే గానీ జెండా ఊపే పాట కాదు, వెళ్లిపోతున్న సైనికుడిని చూసి దిగులుపడే పాట.

అమ్మినా ఉంచుకున్నా రెండు జాగ్రత్తలు. వినైల్‌ను పాత చావి గ్రామఫోన్ మీద వేయకండి, ఆ ఇనుప ముల్లు ఒక్కసారికే గీతలను చెక్కేస్తుంది. లక్క రికార్డును స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు.